డిసెంబర్‌లో చూసి స్థలం కొనొద్దురా అల్లుడూ

అల్లుడూ, మీ అమ్మతో మన పక్కకి వచ్చేసి స్థలం కొని ఉంటానని నువ్వు పంపిన ఫోటోలు మీ అత్తా నేనూ ఇద్దరం చూసినాం. రైల్వే కోడూరు పక్కన ఆ అరటితోటలు, వెనకాల కొండలు, పొద్దున్నే మంచు, చూస్తే ఎవరికైనా ఈడే ఉండిపోదాం అనిపిస్తాది, నీ తప్పేం లేదు. కానీ నువ్వు పోయింది డిసెంబర్లో. రాజంపేట, కోడూరు పక్క అక్టోబర్ నవంబర్లో బంగాళాఖాతం వానలు బాగా పడతాయి, డిసెంబర్‌కి కొండలు కడిగి పెట్టినట్టు ఉంటాయి, ఆ నెలలో బ్రోకర్లు చూపించని స్థలం ఉండదు. అదే కొండని మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి చూసినాక మాట్లాడుకుందాం.

నేను బ్యాంకు ఉద్యోగంలో మన పక్క కడప, అనంతపురం, కర్నూలు మూడు జిల్లాలూ (ఇప్పుడు విడదీసి నంద్యాల, సత్యసాయి, అన్నమయ్య అని చేసినారు కానీ నాకు ఇంకా మూడే) బాడుగ ఇండ్లలోనే గడిపినా, అందుకే చెప్తాండా.

కడప టౌనుకి మూడు పక్కలా కొండలే. పాలకొండలు, అటు నల్లమల, చూడ్డానికి బాగుంటాయి కానీ ఎండాకాలం ఊరు బాణలి లెక్క అయితాది, పైగా ఊరు పెద్ద ఎత్తులో కూడా ఉండదు. మేం ఉన్న ఇల్లు పై అంతస్తు. సాయంత్రం ఆరింటికి మీ అత్త మిద్దె మీద బకెట్ నీళ్లు పోస్తే చుర్రుమని ఆవిరి వచ్చేది, పది నిమిషాల్లో మళ్లీ పొడి నేల. రాత్రి పదకొండుకి గోడకి చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉండేది. పగటి ఎండ ఎట్లన్నా తట్టుకోవచ్చురా, నిద్ర పట్టని రాత్రులు నలభై ఉంటే మనిషి పనికి పోలేడు. నీది ఇంట్లో కూర్చుని చేసే పని కదా, ఏసీ కరెంటు బిల్లు కూడా లెక్కలో వేసుకో.

అనంతపురం ఎత్తులో ఉంది కాబట్టి రాత్రులు కొంచెం నయం, ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే సాయంత్రం మిద్దె మీద చాప ఎగిరిపోతాది. హిందూపురం దాకా పోతే ఇంకా చల్లన, బెంగళూరు గాలి. కానీ వాన తక్కువ, దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇది ఒకటి, ఏడాదికి ఐదొందల యాభై మిల్లీమీటర్లు అటూ ఇటూ. శెనక్కాయ పంట వదిలి జనం బెంగళూరు పోయేది ఊరికే కాదు. మేం దిగిన కొత్తలో ఇంటి ఓనరమ్మ మొదటి మాట, కొళాయి రోజూ రాదు సార్, డ్రమ్ములు తెచ్చుకున్నారా అని. బోరు నీళ్లు కాచితే గిన్నె అడుగున సున్నం వేసినట్టు తెల్లగా పొర కట్టేది, మీ అత్త చింతపండుతో రుద్దీ రుద్దీ విసుక్కునేది. కొన్ని పల్లెల్లో అయితే ఫ్లోరైడ్, పిల్లల పండ్ల మీద గోధుమరంగు గారలు నా కండ్లతో చూసినా. 90ల్లో సత్యసాయి నీళ్ల పథకం వచ్చినాక చాలా ఊర్లకి ఊపిరొచ్చింది, తర్వాత హంద్రీనీవా కాలవలో కృష్ణా నీళ్లు వచ్చినాయి, ఇప్పుడు పరిస్థితి వేరే, అయినా వీధి వీధికీ తేడా ఉంటాది.

కర్నూలుకి నది ఉంది, హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైన అంతే, నెలకి రెండుసార్లు ఆఫీసుకి పోవాల్సిన నీకు అదే దగ్గర. కానీ అదే నది 2009 అక్టోబర్లో మా ఇంట్లోకి వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసేది ఊర్లోనే, మేం ఉన్నది పల్లపు వీధి, ఓనరు ముందే ఒక్క మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. నీళ్లు దిగినాక పోయి చూస్తే ఫ్యాను రెక్కల మీద బురద, ఫ్రిజ్ తలకిందులుగా వంటింటి నుంచి హాల్లోకి వచ్చింది, నా సర్టిఫికెట్లు పేపరు గుజ్జు. ఇంకోటి, కర్నూలు నంద్యాల పక్క నల్లరేగడి నేల చాలా చోట్ల ఉంటాది, వానకి ఉబ్బుతాది ఎండకి కుంచించుకుపోతాది, పునాది సరిగ్గా లేకుంటే గోడలు నెర్రెలిస్తాయి. స్థలం చూడ్డానికి పోతే పక్కింటి కాంపౌండు గోడ చూడు, బీట్లో వేలు దూరిందంటే అర్థం చేసుకో, ఇంజనీర్ని అడగాల్సిన పనే లేదు.

ఏ ఊరైనా ఇంతే, ఇంటి కంటే ముందు వీధి చూడాల. పొద్దున్నే ఆరింటికి పోయి వాకిళ్ల ముందర ఎన్ని డ్రమ్ములు పెట్టినారో చూడు. వాటర్ ట్యాంకర్ డ్రైవర్ని టీ తాగిస్తూ అడుగు, ఏప్రిల్లో ఏ వీధికి ఎక్కువ ట్రిప్పులు పోతావన్నా అని, బ్రోకర్ చెప్పనివన్నీ ఆయన చెప్తాడు. పాత ఇండ్లకి అరుగులు ఎంత ఎత్తు కట్టినారో చూడు, ఎక్కువ ఎత్తుంటే దానికి కారణం ఉంటాది. వెనక గదిలో కూర్చుని ఫోన్ సిగ్నల్ చూసుకో. స్కూళ్లు, తిండి గురించి నేను చెప్పేది లేదు, ఉగ్గాని బజ్జి, సంగటి మూడు చోట్లా దొరుకుతాయి.

మీ అమ్మకి, అదే మా అక్కకి, మోకాళ్ల నొప్పి కూడా ఉంది కదా, పెద్దాసుపత్రి అవసరమైతే కర్నూలుదే పెద్దది. నన్నడిగితే కర్నూల్లోనే, నదికి దూరంగా మెరకలో, కొనకుండా ఒక ఏడాది బాడుగకి దిగు. నేను అనంతపురంలో ఇల్లు కట్టుకున్నోణ్ణి, ఇక్కడికే రమ్మని చెప్పాలనుంది, కానీ హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం నెలకి రెండుసార్లు నీ వల్ల కాదు. ముందు మే మొదటి వారంలో నువ్వొక్కడివే రా, అక్కని ఆ ఎండలో తిప్పొద్దు, మూడు ఊర్లూ తిరుగుదాం, కడపలో రెండు రాత్రులు ఏసీ లేని లాడ్జిలో పడుకుందాం.

ఈలోపల ఆ కోడూరు బ్రోకర్‌కి టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసినావంటే మీ అమ్మకి చెప్పకముందు నాకు ఫోన్ చెయ్.