చవక టికెట్ దొరికిందని దేశం ఎంచుకోకు చెల్లీ

చెల్లీ, "ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నా, చేతిలో మూడు వందల యూరోలున్నాయి, నాలుగు రోజులు, ఏ దేశమైతే బాగుంటుంది అక్కా" అని అడిగావు. జర్మనీకి వచ్చి మూడు నెలలే అయింది, అప్పుడే లెక్క వేసుకుని అడుగుతున్నావంటే నాకంటే నువ్వే నయం. నేను వచ్చిన రెండో నెలలో ఎవరినీ ఒక్క మాట అడక్కుండా బయల్దేరాను. అది ముందు చెప్తాను, ఓపిగ్గా చదువు. నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

2016 నవంబరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌కి రానూపోనూ ఇరవై యూరోలకు టికెట్ కనిపించింది. హాస్టల్ రూమ్‌లో మంచం మీదే గంతేశాను. ఇరవై యూరోలకు ఇంకో దేశం! ఐదు నిమిషాల్లో కొనేశాను. ఆ ఐదు నిమిషాల్లో మ్యాప్ తెరిచి చూసుంటే సరిపోయేది. టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన హాన్ అని చిన్నగా రాసి ఉంది. ఆ హాన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్లు. అటువైపు దిగాల్సిన స్కావ్‌స్టా ఎయిర్‌పోర్టు కూడా అంతే, స్టాక్‌హోమ్ అక్కడికి 100 కిలోమీటర్ల పైమాట. అంటే నేను కొన్నది ఒక పల్లెటూరి నుంచి ఇంకో పల్లెటూరికి టికెట్. వెళ్లేటప్పుడు రెండు బస్సులు, వచ్చేటప్పుడు రెండు. ఆ నాలుగు బస్సులకు పెట్టిన డబ్బుతో అదే విమానం మూడుసార్లు ఎక్కొచ్చు. బోర్డింగ్ పాస్ ఇంట్లోనే ప్రింట్ తీసుకురావాలని తెలీదు, కౌంటర్‌లో దానికీ వసూలు చేశారు.

స్టాక్‌హోమ్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. చవగ్గా ఉందని ఊరి చివర రూమ్ బుక్ చేశాను, అక్కడికి వెళ్లే రైలు ఆ వేళకి లేదు. టాక్సీ ఎక్కాను. స్వీడన్‌లో టాక్సీ రేటు ప్రభుత్వం నిర్ణయించదు, ఏ కంపెనీ ఇష్టం దానిది. ఆ రేటు కారు అద్దం మీద స్టిక్కర్ వేసి ఉంటుంది, ఎక్కేముందు చదువుకోవడం మన పని. చలికి వణుకుతూ ఎవరు చదువుతారు? దిగాక మీటర్ చూస్తే టెన్షన్‌తో ఆ చలిలోనూ చెమట పట్టింది.

మర్నాడు ఇంకో పాఠం. నవంబరు చివర్లో అక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది. చీకటి, చలి కలిస్తే మనిషి బయట తిరగలేడు. లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లిన ప్రతిచోటా డబ్బు కట్టాలి. కాఫీ తాగాలని లేకపోయినా కాళ్లు వెచ్చబడాలని కెఫేలో కూర్చున్న రోజులవి. వాసా మ్యూజియంకి కూడా అలాగే వెళ్లాను. పెద్ద యుద్ధనౌక, 1628లో మొదటి ప్రయాణంలోనే పదమూడు వందల మీటర్లు పోయేసరికి రేవులోనే మునిగింది, 1961లో పైకి తీశారు. దాని ముందు నిలబడి నా బడ్జెట్ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఇరవై యూరోల ట్రిప్‌కి చివరికి నాలుగు వందలు దాటాయి. ఆ డిసెంబరంతా ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలుసు. మీకిప్పుడు బ్లాక్డ్ అకౌంట్ నుంచి, అంటే వీసా కోసం ముందే డబ్బు కట్టి ఉంచే ఖాతా నుంచి, నెలకు 992 యూరోలు వస్తున్నాయి, మాకు అంత కూడా లేదు. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు, అది మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను.

తిరిగొచ్చాక నోట్‌బుక్ తీసి ఖర్చులన్నీ రెండు వరసలుగా రాశాను. తలకింత అని పడేవి ఒకవైపు: బస్సు, ట్రాము, మ్యూజియం, తిండి. తలతో పని లేకుండా మొత్తంగా పడేవి రెండోవైపు: టాక్సీ, హోటల్ రూమ్. మొదటి వరస నలుగురు వెళ్లినా ఒక్కదానివే వెళ్లినా నీకు ఒకటే. నన్ను ముంచింది రెండో వరస. డబుల్ రూమ్‌లో ఒక్కరే పడుకున్నా రూమ్ అద్దె మొత్తం కట్టాల్సిందే. మీ సీనియర్లు నలుగురు కలిసి వెళ్లి "ఆ ఊరు చాలా చవక" అని చెప్తే నేను నమ్మనిది అందుకే. వాళ్లకి చవకే, రూమ్ నాలుగు ముక్కలైంది కదా.

అందుకని ఒంటరిగా వెళ్లేవాళ్లు దేశం పేరు కాదు, మూడు సంగతులు చూడాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి మామూలు రైలో బస్సో ఉందా, నువ్వు దిగే వేళకి అది నడుస్తోందా. మంచానికి ఇంత అని తీసుకునే హాస్టళ్లు ఊరి మధ్యలో ఉన్నాయా. డబ్బు కట్టకుండా బయట తిరగడానికి ఆ నెలలో వెలుతురు ఉంటుందా. ఈ మూడూ ఉన్న ఊరికి టికెట్ అరవై యూరోలైనా నా ఇరవై యూరోల స్టాక్‌హోమ్ కంటే చవక. డార్మిటరీ అంటే నేనూ మొదట్లో బిడియపడ్డాను. ఆడవాళ్లకి విడిగా ఉండే డార్మ్ తీసుకో, లాకర్‌కి తాళం నీదే పట్టుకెళ్లు, అంతే.

ఇప్పుడు ఊళ్లు. ముందు నీ డోయిచ్‌లాండ్ టికెట్ వాడు, అదే, జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్లు ఎక్కనిచ్చే నెలవారీ పాస్. 2023 మేలో నెలకు 49 యూరోలకు మొదలుపెట్టారు, తర్వాత పెంచుతూ పోయారు, అయినా దానికి మించిన బేరం లేదు. ఆ టికెట్‌తో రీజనల్ రైళ్లలో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా వెళ్లొచ్చు. లేదా కేల్‌లో దిగి రైన్ నది మీద కాలిబాట వంతెన దాటితే అవతల ఫ్రాన్స్, స్ట్రాస్‌బూర్గ్. నడుచుకుంటూ ఇంకో దేశంలోకి వెళ్లడమంటే నాకు ఇప్పటికీ సరదా. ఒక రోజు అలా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చెయ్. ఒంటరిగా తిరగడం నీకు పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది, అదీ పైసా ఎక్కువ పెట్టకుండా.

అది పడితే నాలుగు రోజులకి నేను చెప్పేది పోలండ్‌లోని క్రాకోవ్. మూడోసారికి గానీ నాకు ఈ తెలివి రాలేదు. ఎయిర్‌పోర్టు నుంచి రైలు ఇరవై నిమిషాల్లో ఊరి మధ్యలో దింపుతుంది. చూడాల్సినవన్నీ నడక దూరం. అక్కడి చౌరస్తాలో సెయింట్ మేరీ చర్చి బురుజు మీద నుంచి గంటగంటకీ బాకా ఊదుతారు, పాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. మొదటిసారి విని, ఊదేవాడికి ఏమైందోనని కంగారుపడ్డాను. అది ఎప్పటినుంచో అంతేనట. ఎంతసేపు విన్నా పైసా అడగరు. నాజీల మారణ శిబిరం ఉన్న ఆష్విట్జ్‌కి కూడా అక్కడి నుంచే వెళ్తారు. ప్రవేశం ఉచితమే కానీ పాస్ ముందుగా బుక్ చేసుకోవాలి, ఆఖరి రోజున దొరకదు.

షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, దాటి వెళ్లాలనుకుంటే సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ బాగుంటుంది. 2025 జనవరి నుంచి అక్కడ సిటీ బస్సులు, ట్రాములు ఉచితం. సావా నది డాన్యూబ్‌లో కలిసేచోట కలేమెగ్దాన్ కోట ఉంది, సాయంత్రమంతా అక్కడే కూర్చోవచ్చు. కానీ ఒక్క మాట, సెర్బియాలో మన ఈయూ (యూరోపియన్ యూనియన్) ఉచిత రోమింగ్ వర్తించదు. స్విట్జర్లాండ్‌లోనూ అంతే. 2017లో యూరప్‌లో రోమింగ్ చార్జీలు ఎత్తేశారని విని, మరుసటి ఏడాది బాసెల్‌లో రోజంతా ఫోన్‌లో మ్యాప్ చూస్తూ తిరిగాను. స్విట్జర్లాండ్ ఈయూలో లేదన్న సంగతి నెలాఖరున బిల్లు చూస్తే గుర్తొచ్చింది. మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని డేటా ఆపెయ్.

కాగితాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు రెండూ ఒంటి మీద ఉండాలి, మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. సెర్బియా లాంటి చోట్లకి ఆ దేశం ఎంబసీ సైట్ ఒకసారి చూసుకో. కార్డు పొడిగింపులో ఉంటే మాత్రం కదలకు.

ఒక్కదాన్నే కదా, దిగులుగా ఉంటుందేమో అని కూడా రాశావు. కొంచెం ఉంటుంది. నాకైతే డబ్బు చాలదేమోనన్న దిగులు ముందు అది కనబడేదే కాదు. ఖర్చు లెక్కలో ఉన్న ట్రిప్పుల్లో హాయిగా పడుకుని హాయిగా లేచాను. హాస్టల్ వంటగదిలో నీలాంటివాళ్లే నలుగురు కనిపిస్తారు, మాట కలుపు. అన్నట్టు రెండో బ్యాంకు కార్డు ఒకటి బ్యాగులో విడిగా పెట్టుకో, అందులో తిరుగు ప్రయాణానికి సరిపడా ఉంచు. క్రాకోవ్‌లో జ్లోటీ, బెల్‌గ్రేడ్‌లో దీనార్. కార్డు మెషీన్ "యూరోల్లో కడతావా" అని మర్యాదగా అడుగుతుంది. వద్దను. ఆ ఊరి డబ్బులోనే కట్టు, యూరో నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

నోట్లు కట్టలుగా మార్చుకుని మాత్రం వెళ్లకు. నేను స్టాక్‌హోమ్‌కి యూరోలు మార్చి క్రోనాలు పట్టుకెళ్తే బస్సులో తీసుకోలేదు, సగం కెఫేల్లో "కార్డు మాత్రమే" అన్నారు. నోట్లు నష్టానికి మళ్లీ మార్చుకున్నాను. నాణేలు ఎవరూ మార్చరు కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు వాడదామని గుప్పెడు దాచిపెట్టాను. స్వీడన్ వాళ్లు ఆ పాత ఒకటి, ఐదు క్రోనా నాణేలను 2017 జూన్ 30తో రద్దు చేసేశారు. పది క్రోనాలవి మాత్రం ఇంకా చెల్లుతాయి. నా దగ్గర అవి రెండున్నాయి, ఎప్పుడైనా అటు వెళ్తుంటే చెప్పు, ఇస్తాను.