ముందు నీ చెవికి వినబడింది రాయి

అమ్మాయికి,

ది బ్యాడ్ ప్లస్ అనే అమెరికా జాజ్ బృందం మీద, నువ్వు చూసిన వాళ్ల కచేరీ మీద రాసి పంపిన వ్యాసం చదివాను. జాజ్ గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు అరుదు కాబట్టి ముందు ఆ సంతోషం చెప్పాలి. తర్వాత నాకు నచ్చనిది కూడా చెప్పాలి. మొదటి పేజీ అంతా వాళ్లనీ వీళ్లనీ ఉటంకించడానికే సరిపోయింది. ఒక పత్రిక ఆకాశానికెత్తింది, ఇంకో విమర్శకుడు తీసిపారేశాడు, ఇద్దరిలో ఎవరిది నిజం అని నన్ను అడిగావు. వాళ్ల సంగీతంలో నువ్వు ఏం విన్నావో మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

ఈ బృందం విషయంలో ఇలా జరగడం నీ ఒక్కదానితో మొదలు కాలేదు. 2003లో కొలంబియా సంస్థ విడుదల చేసిన వాళ్ల ఆల్బమ్ 'దీజ్ ఆర్ ద విస్టాస్' సంగతే చూడు. అందులో పది ట్రాకులున్నాయి. మూడు బయటి పాటలు: నిర్వాణా బృందం రాక్ పాట, బ్లాండీ బృందం పాట, ఎఫెక్స్ ట్విన్ ఎలక్ట్రానిక్ రచన. మిగతా ఏడూ పియానిస్టు ఈథన్ ఐవర్సన్, బేసిస్టు రీడ్ ఆండర్సన్, డ్రమ్మర్ డేవ్ కింగ్ సొంతంగా కట్టుకున్నవి. అయినా ఆ ఆల్బమ్ మీద జరిగిన చర్చలో సింహభాగం ఆ మూడు పాటల చుట్టే తిరిగింది. వీళ్లు నిర్వాణాను నిజంగానే వాయిస్తున్నారా, లేక వెక్కిరిస్తున్నారా? ఇది జాజా, జాజ్ పేరిట గారడీనా? వెక్కిరింత కాదు, ఆ పాటలంటే మాకు ఇష్టం అని ముగ్గురూ చెబుతూనే వచ్చారు. చాలామంది నమ్మలేదు.

ఎందుకు నమ్మలేదో తెలియాలంటే ఆనాటి వాతావరణం తెలియాలి. 2001 జనవరిలో కెన్ బర్న్స్ తీసిన జాజ్ చరిత్ర డాక్యుమెంటరీ అమెరికా టీవీలో వచ్చింది. జాజ్ ఎవరి సొత్తు, దాని అసలు దారి ఏది అని అప్పటికే ఉన్న తగాదా దాంతో ఇంకా ముదిరింది. సంప్రదాయాన్ని కాపాడాలనేవాళ్లు ఒక పక్క, హద్దులు చెరిపేయాలనేవాళ్లు ఇంకో పక్క. మినియాపొలిస్‌లో 2000లో జట్టు కట్టిన ఈ ముగ్గురూ సరిగ్గా ఆ రెండు వర్గాల నడుమ వచ్చి పడ్డారు. సమీక్షల్లో సగం వీళ్ల గురించి కాదు, ఆ తగాదా గురించి. నువ్వు పాత సమీక్షలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. రాసినవాడు బృందాన్ని విమర్శిస్తున్నాడా, బృందాన్ని అడ్డం పెట్టుకుని మరెవరితోనో వాదిస్తున్నాడా?

రాక్ పాటలు వాయించడమే తప్పయితే ఆ తప్పు వీళ్లు మొదలుపెట్టింది కాదు. జాజ్ పియానిస్టు హెర్బీ హ్యాన్‌కాక్ 1996లో వచ్చిన ఆల్బమ్‌లోనే నిర్వాణా పాట ఒకటి వాయించాడు. ఇంకో పియానిస్టు బ్రాడ్ మెల్డావ్ 1998లో వచ్చిన ఆల్బమ్‌లో రేడియోహెడ్ అనే రాక్ బృందం పాట వాయించాడు. అంతకు చాలా ముందు, 1961లో వచ్చిన రికార్డులో, సాక్సొఫోనిస్టు జాన్ కోల్ట్రేన్ న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకంలోని పాటను తీసుకుని తన సొంతం చేసుకున్నాడు. జాజ్‌లో స్టాండర్డ్స్ అని పిలుచుకునే పాటల్లో ఎన్నో ఒకప్పుడు నాటకాల్లోనూ సినిమాల్లోనూ జనం పాడుకున్నవే. ఈ వరుస తెలిసినవాళ్లు 'పాప్ పాట వాయించారు' అన్న దగ్గరే ఆగిపోరు. మరి వీళ్ల మీదే అంత గొడవ ఎందుకు లేచిందన్న ప్రశ్న వేసుకుంటారు.

నా జవాబు ఇది: గొడవంతా పాటల పేరు మీద జరిగింది గానీ, అసలు కుదుపు శబ్దంలో ఉంది. ఆ ఆల్బమ్‌ను తీర్చిదిద్దిన చాడ్ బ్లేక్ రాక్ రికార్డులకు పేరుపడ్డ మనిషి. పియానో ట్రియో అనగానే మన చెవి ఒక పద్ధతికి అలవాటు పడి ఉంటుంది. పియానో ముందు, బేస్ దాని వెనక, డ్రమ్స్ ఇంకా వెనక మెత్తగా. ఇక్కడ డేవ్ కింగ్ డ్రమ్స్ మన మొహం మీదే మోగుతాయి. 'డ్రమ్స్ హోరులో పియానోలోని సన్నటి పని కొట్టుకుపోయింది' అని ఎవరైనా రాశారంటే, ఒప్పుకోకపోయినా ఆ సమీక్షను నేను గౌరవిస్తాను. వాళ్లు విన్నారు. కొన్నిచోట్ల నాకూ అదే అనిపిస్తుంది. 'ఆ మూడు పాటల పేర్లు చూడగానే అర్థమైపోయింది' అనే ధోరణిలో రాసినవాళ్లతో మాత్రం, పొగిడినా సరే, మనకు పని లేదు.

ఇప్పుడు వాళ్ల సొంత రచనలు ఆ ఏడింటిలో ఒకటి తీసుకో. చివరి ట్రాక్ 'సైలెన్స్ ఈజ్ ద క్వశ్చన్', ఆండర్సన్ రాసింది. సన్నగా, దాదాపు ఏమీ జరగనట్టే మొదలవుతుంది. రాగం చాలా సాదాసీదా, ఒకసారి వింటే ఎవరైనా కూనిరాగం తీయగలరు. ముగ్గురిలో ఒక్కరూ సోలో కోసం తొందరపడరు. అదే చిన్న రాగం మళ్లీ మళ్లీ వస్తూ, వచ్చిన ప్రతిసారీ కింద బరువు పెరుగుతూ, చివరికి ముగ్గురూ కలిసి పెట్టే హోరులో కలిసిపోతుంది. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు తాళం పట్టడం, తర్వాత వంతు మారడం అనే మామూలు జాజ్ పద్ధతి ఇందులో కనబడదు. ఈ బృందంలోని కొత్తదనం నాకు ఇక్కడే వినిపిస్తుంది, నిర్వాణా పాటలో కంటే. ఎఫెక్స్ ట్విన్ రచన 'ఫ్లిమ్' కూడా ఈ చెవితోనే విను. యంత్రం కోసం కూర్చిన ఆ చిట్టిపొట్టి దరువులను కింగ్ చేతులతో వాయిస్తున్నాడు, పైన పియానో పసిపిల్లల పాటలా నెమ్మదిగా నడుస్తోంది. ఇందులో వెక్కిరింత ఎక్కడుందో నాకు వినబడలేదు. నీకు వినబడితే ఎక్కడో చెప్పు, ఒప్పుకుంటాను.

మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఎలక్ట్రిక్ మాండలిన్ కర్ణాటక కచేరీకి తగునా, పిల్లవాడు ఇంత చిన్న వయసులో ఎలా వాయిస్తున్నాడు అన్నదే ఎంతోమందికి వార్త అయింది. ఆ చిన్న వాద్యం మీద గమకాన్ని ఎలా రాబట్టాడో వివరించి రాసినవాళ్లు కొద్దిమందే, ఈ రోజు మళ్లీ చదవాలనిపించేది వాళ్లనే. ఆయన తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించాడు. జాజ్ మీద రాయాలనుకుంటున్నావు కాబట్టి ఆ రికార్డులు కూడా విను.

ఇక కచేరీల సంగతి. ఐవర్సన్ ఉన్న రోజుల్లో సూటూ టై వేసుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా పాటలను పరిచయం చేసేవాడు. జనం నవ్వేవాళ్లు. ఆ నవ్వుతోనే కొందరు సంగీతం కూడా హాస్యమేనని తేల్చేసుకున్నారు. వేదిక మీది మాటలు కచేరీలో భాగమే, రాయి. కానీ వాటితో తీర్పు చెప్పకు. ఎక్కడ కూర్చుని విన్నావో కూడా రాయి. న్యూయార్క్‌లోని జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్ నేలమాళిగలో పట్టేది 123 మంది. అక్కడ వినే డ్రమ్స్ వేరు, పెద్ద ఆడిటోరియంలో స్పీకర్ల గుండా వినే డ్రమ్స్ వేరు, చాడ్ బ్లేక్ మలిచిన డ్రమ్స్ వేరు. ఒకదాని మీద ఫిర్యాదును ఇంకోదాని మీద వేయకూడదు.

2011లో డ్యూక్ యూనివర్సిటీ కోసం స్ట్రావిన్‌స్కీ ఆర్కెస్ట్రా కోసం కూర్చిన బ్యాలే సంగీతం 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'ను మొత్తంగా ముగ్గురే వాయించారు, 2014లో రికార్డు వచ్చింది. మూల రచనకు చాలా దగ్గరగా ఉన్నారు. 'మరి ఇది జాజేనా' అని అడగొచ్చు, కానీ అక్కడే ఆగకు. తీగ వాద్యాలన్నీ కలిసి ఒకే స్వరసమూహాన్ని దంచుతూ, ఒత్తు ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియకుండా సాగే ఘట్టం ఒకటుంది కదా. అంత పెద్ద ఆర్కెస్ట్రా పనిని ముగ్గురు ఎలా పంచుకున్నారో చెవి పెట్టి విని ఒక పేరా రాయి. జాజో కాదో పాఠకులు తేల్చుకుంటారు.

నువ్వు చూసిన కచేరీ గురించి చివరగా. 2017 ముగింపుతో ఐవర్సన్ వెళ్లిపోయాడు, ఆయన చోట పియానిస్టుగా ఓరిన్ ఎవాన్స్ వచ్చాడు. 2021లో ఆయనా వెళ్లాక పియానోయే వద్దనుకుని గిటారిస్టు బెన్ మాండర్‌నీ సాక్సొఫోనిస్టు క్రిస్ స్పీడ్‌నీ తెచ్చుకున్నారు. నీ వ్యాసంలో ఈ నలుగురి గురించి రాసిన భాగమంతా లేని పియానో మీద బెంగే. బెంగ అర్థమవుతుంది, నాకూ ఐవర్సన్ ఇష్టమే. కానీ పియానో మీట నొక్కాక ఆ స్వరం క్షణక్షణానికి తగ్గిపోతుంది. సాక్సొఫోన్ ఊపిరి ఉన్నంతసేపు పట్టి ఉంచగలదు, మాండర్ గిటార్ అంతకన్నా ఎక్కువసేపు. పియానో స్వరాల మధ్య ఖాళీలు నింపడానికి అలవాటుపడ్డ కింగ్ చేతులు ఇప్పుడు ఏం చేస్తున్నాయి? ఆండర్సన్ రాసే రాగాలు మారాయా? నువ్వు ఆ హాల్లో కూర్చున్నావు కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు నీ దగ్గర ఉండాలి.

'శ్రోతలను ఓలలాడించారు', 'రక్తి కట్టించారు' అన్న మాటలు రెండు మూడుచోట్ల ఉన్నాయి. మన పత్రికల్లో ఏ కచేరీకైనా సరిపోతాయి గనకే ఈ కచేరీకి సరిపోవు. తీసెయ్. ఉటంకింపులన్నీ కూడా తీసి పక్కన పెట్టు, అవసరమైతే ఒకటి వెనక్కి తెచ్చుకోవచ్చు.

వ్యాసం మొత్తం ఇప్పుడే తిరగరాయకు. ఆ రాత్రి వాళ్లు వాయించినవాటిలో నీకు బాగా గుర్తున్న ఒక్కటి తీసుకుని, మొదటి దరువు నుంచి చివరిదాకా ఏం జరిగిందో ఒక పేజీ రాసి పంపు. ఎవరేమన్నారో అందులో ఒక్క ముక్క కూడా వద్దు. అది చదివాక మిగతాది మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.