జీఎస్ (జనరల్ స్టడీస్)లో 104 వచ్చినా సివిల్స్ ప్రిలిమ్స్ ఎందుకు పోయింది?

మిమ్మల్ని ఆపింది సీశాట్, అంటే మధ్యాహ్నం రాసే రెండో పేపర్ (ఆప్టిట్యూడ్). అందులో కనీసం 66 మార్కులు రాకపోతే జీఎస్‌లో మీకొచ్చిన 104 లెక్కలోకే రాదు.

మీరు ఇచ్చిన వివరాలే చూడండి. సీశాట్‌లో 52 ప్రశ్నలకు జవాబులు పెట్టారు, 31 రైటు, 21 తప్పు. రైటు వాటికి వచ్చిన 77.5లోంచి తప్పులకు కోసే 17.5 పోయి 60 మిగిలింది. చివర్లో టెన్షన్‌తో గుడ్డిగా పెట్టిన 12లో ఒక్కటే తగిలిందన్నారు. ఆ 12 ముట్టుకోకపోతే 30 రైటు, 10 తప్పు, అంటే 66.67. గట్టెక్కేవారు! మీకు లెక్కలు రాక పోయింది కాదు, గుడ్డిగా పెట్టి పోయింది. ఈసారి ఇలా చేయండి.

1. పాత సీశాట్ పేపర్లు మధ్యాహ్నం 2.30 నుంచి 4.30 వరకే రాయండి, అదీ ఉదయం ఒక జీఎస్ పేపర్ రాశాక. అలసట లెక్క అప్పుడే తెలుస్తుంది.

2. చాలామంది వదిలేసేది ఇది. రాస్తున్నప్పుడే ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టండి: ఖాయం, సందేహం, గుడ్డి. కీ చూశాక మూడింటికీ మార్కులు విడివిడిగా వేయండి. మొత్తం స్కోరు ఒక్కటే చూసుకుంటే తప్పు ఎక్కడుందో దొరకదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. కనీసం ఒక ఆప్షన్ ఖచ్చితంగా తప్పని తెలిస్తేనే పెట్టండి. నాలుగైదు పేపర్లు ఇలా చేస్తే ఏవి వదలాలో చేతికి అలవాటవుతుంది.

3. సీశాట్‌లో పాసేజీలు (చదివి జవాబు పెట్టాల్సిన పేరాలు) ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు. మీది తెలుగు మీడియం కాబట్టి రోజూ రెండు ఇంగ్లిష్ పాసేజీలు గడియారం పెట్టుకుని చేయండి.