గుమ్మటం కథను మధ్యలో ఆపకు

తమ్ముడూ,

జర్మనీలోని యేనా ఊళ్లో, ప్లానెటోరియం యంత్రాన్ని పరీక్షించడానికి కట్టిన గుమ్మటం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం చదివిస్తోంది, విషయం మీద ప్రేమ కనిపిస్తోంది. కొత్తగా రాసేవాళ్లలో ఈ రెండూ కలిసి దొరకడం అరుదు. అందుకే మెచ్చుకుని ఊరుకోకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నా ప్రధానమైన అభ్యంతరం ముందే చెప్పేస్తాను. నీ వ్యాసం 1923లో, మ్యూనిక్‌లో, చప్పట్ల మధ్య ఆగిపోయింది. ఆ గుమ్మటం కథ అక్కడ ఆగలేదు.

ముందు ఎత్తుగడ సంగతి చూద్దాం. "బవర్స్‌ఫెల్డ్ మెదడులో ఒక మెరుపు మెరిసింది" అని మొదలుపెట్టావు. అది తీసెయ్. ఆవిష్కరణల గురించి రాయబోయే ప్రతివాళ్లకీ ముందు ఈ మెరుపే గుర్తొస్తుంది, పాఠకుడికి మాత్రం దానివల్ల ఏమీ తెలియదు. ఎవరు అడిగారు, ఏం కావాలన్నారు, ఏది అడ్డొచ్చింది, అది రాయి. మ్యూనిక్‌లో డాయిచెస్ మ్యూజియం స్థాపించిన ఓస్కర్ ఫాన్ మిల్లర్‌కి ఆకాశాన్ని ఒక గదిలోకి తెచ్చి జనానికి చూపించాలని కోరిక. యేనాలో అద్దాలూ దుర్భిణులూ చేసే జైస్ కంపెనీని అడిగాడు. మొదట అనుకున్నది ఒక పెద్ద బోలు గోళం. జనం లోపల ఉంటే గోళమే వాళ్ల చుట్టూ తిరగాలి. 1914లో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. 1919లో జైస్ ఇంజనీరు వాల్టర్ బవర్స్‌ఫెల్డ్ ఆ ఆలోచననే తిరగేశాడు. గోళం కదలక్కర్లేదు, లోపల తెల్లగా ఉంటే చాలు, మధ్యలో ఒక యంత్రం పెట్టి దాంతో నక్షత్రాలను వెలుగుగా ఆ తెలుపు మీదికి వేద్దాం అన్నాడు.

యంత్రాన్ని పరీక్షించాలంటే తెర కావాలి. ఆ తెర సరైన అర్ధగోళం అయి ఉండాలి, ఎక్కడా వంకర రాకూడదు. కట్టాల్సిన చోటు ఫ్యాక్టరీ కప్పు మీద, కాబట్టి బరువు ఉండకూడదు. నీ వ్యాసంలో ఈ ఇబ్బందులన్నీ ఒక్క వాక్యంలో వెళ్లిపోయాయి. నేనైతే ఇక్కడే చాలాసేపు నిలబడతాను. ఎందుకంటే ఆధునిక భవన నిర్మాణంలో ఒక పెద్ద మలుపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్ల వల్ల రాలేదు, నక్షత్రాలు చూపించాలనుకున్నవాళ్ల వల్ల వచ్చింది. బవర్స్‌ఫెల్డ్ ఆర్కిటెక్ట్ కూడా కాదు, మెకానికల్ ఇంజనీరు.

ఆయన ఇనుప చువ్వలను త్రికోణాలుగా కలుపుతూ 16 మీటర్ల వ్యాసంతో ఒక అర్ధగోళపు వల తయారుచేయించాడు. అద్దాలూ దుర్భిణులూ చేసే కంపెనీ కాబట్టి చువ్వల కొలతల్లో తేడా రాకుండా చూసుకోగలిగారు. కాంక్రీటు పనికి డికర్‌హోఫ్ అండ్ విడ్‌మన్ కంపెనీ వచ్చింది, తర్వాత ఆ కంపెనీ ఇంజనీరు ఫ్రాంజ్ డిషింగర్ ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్లాడు. వల మీద కాంక్రీటును పిచికారీ చేశారు. గుడ్డు పెంకులా ఏర్పడిన ఆ కాంక్రీటు పెంకు మందం సుమారు 3 సెంటీమీటర్లు. మన ఇళ్లలో మామూలు గదికి వేసే స్లాబే నాలుగైదు అంగుళాలు, అంటే 10 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది. ఈ పోలిక తప్పకుండా పెట్టు. సెంట్రింగ్ సంగతి కూడా చెప్పు. ఇల్లు కట్టించిన ప్రతివాళ్లకీ సెంట్రింగ్ ఖర్చు ఎంతో తెలుసు. ఇక్కడ ఇనుప వలకే నిలబడే బలం ఉంది కాబట్టి కింద నుంచి కర్రలు నిలబెట్టే పని లేకపోయింది. చిన్న చెక్క పలకను వలకే వేలాడదీసి, ఒక చోట కాంక్రీటు వేశాక దాన్ని పక్కకి జరుపుకుంటూ పోయారు.

అంత పల్చటి పెంకు ఎలా నిలబడింది? ఈ ప్రశ్నకు నువ్వు "అద్భుతం" అన్న మాటతో సరిపెట్టావు. గుమ్మటం వంపు వల్ల బరువు పెంకు వెంబడే కిందికి దిగి అంచులకు చేరుతుంది. బల్లపరుపు స్లాబును మధ్యలో కిందికి వంచే బలం ఇక్కడ దాదాపు ఉండదు. అందుకే మందం అక్కర్లేదు. ఇంతే విషయం, పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇది చెప్పాక అద్భుతం అన్న మాట నువ్వు రాయకపోయినా పాఠకుడు తనే అనుకుంటాడు.

ఇలాంటి త్రికోణాల వల గుమ్మటానికి 1954లో అమెరికాలో పేటెంట్ పొందిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గురించి మూడు పేరాల తగువు పెట్టుకున్నావు. యేనా గుమ్మటం అంతకు ముప్పై ఏళ్ల ముందుదని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లు.

ఇక చరిత్ర. 1923 అక్టోబర్ 21న మ్యూనిక్‌లో ఆ యంత్రాన్ని మొదటిసారి చూపించారు. సుమారు 4,500 నక్షత్రాలు. ఆ తొలి యంత్రం మ్యూనిక్ అక్షాంశం నుంచి కనిపించే ఆకాశాన్ని మాత్రమే చూపగలిగేది. నువ్వు ఆ రోజును గాలిలో నిలబెట్టావు. దాని పక్కన ఇంకో రెండు విషయాలు పెట్టు. నవంబర్‌కల్లా ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ నవంబర్ 8 రాత్రి, అదే మ్యూనిక్‌లో, హిట్లర్ ఒక బీర్ హాల్‌లోకి చొరబడి ప్రభుత్వాన్ని కూలదోయాలని చూశాడు. నక్షత్రాల ప్రదర్శన జరిగి మూడు వారాలు కూడా కాలేదు. దీనికి వ్యాఖ్యానం ఏమీ చేర్చకు.

యేనాలో జనం కోసం కట్టిన ప్లానెటోరియం 1926 జూలైలో తెరుచుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. లైప్‌జిగ్‌లో 1929 నాటికి పెద్ద మార్కెట్ మీద ఒక్కొక్కటి 66 మీటర్ల వెడల్పున్న రెండు గుమ్మటాలు లేచాయి. మూడోదానికి డబ్బు లేకపోయింది. ఇవి క్లుప్తంగా చెప్పు. నువ్వు వెళ్లాల్సిన చోటు ఫ్రాంక్‌ఫర్ట్.

అక్కడ ఆర్కిటెక్ట్ మార్టిన్ ఎల్జెసర్ రూపొందించిన హోల్‌సేల్ కూరగాయల మార్కెట్ 1928లో పూర్తయింది. 220 మీటర్ల పొడవు, పైన వరసగా 15 పల్చటి కాంక్రీటు పెంకులు, మధ్యలో స్తంభాల అడ్డు లేని హాలు. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా కూరగాయల చర్చి అనేవాళ్లు. యేనా కప్పు మీద పుట్టిన పద్ధతి మామూలు మనుషుల క్యాబేజీలకూ బంగాళాదుంపలకూ నీడ అయింది. అక్కడ ఆపితే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఆపకు.

మార్కెట్ కాబట్టి సరుకు దింపడానికి పక్కనే రైలు పట్టాలున్నాయి, నిల్వకి పెద్ద నేలమాళిగ ఉంది. సరిగ్గా ఈ సదుపాయాల కోసమే నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ నేలమాళిగలో కొంత భాగాన్ని అద్దెకు తీసుకుంది. 1941 అక్టోబర్ 19న ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల్లో వెయ్యి మందికి పైగా మనుషులను పట్టపగలు వీధుల్లో నడిపించి అక్కడికి తెచ్చారు. సోదా చేశారు, ఉన్నది లాక్కున్నారు, ఆ పట్టాల మీదే రైలెక్కించి పోలండ్‌లోని వూచ్ నగరంలో యూదులను నిర్బంధించి ఉంచిన పేటకు, అంటే గెట్టోకు, పంపారు. 1945 దాకా ఆ చోటు నుంచి సుమారు పది వేల మందిని పంపేశారు. ఆ రోజుల్లోనూ పైన కూరగాయల వ్యాపారం సాగుతూనే ఉంది. ఇప్పుడు ఆ హాలు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రధాన కార్యాలయంలో భాగం. నేలమాళిగను స్మారకంగా ఉంచారు.

ఇది రాస్తే వ్యాసం బరువెక్కుతుందని భయపడకు. పెంకు మందం 3 సెంటీమీటర్లని ఎంత శ్రద్ధగా చెప్పావో, ఆ రైలు తేదీని కూడా అంతే శ్రద్ధగా చెప్పు. గొంతు పెంచకు, విశేషణాలు వెయ్యకు. పెద్ద హాలూ రైలు పట్టాలూ నేలమాళిగా ఎందుకు కట్టారో నువ్వు ముందే వివరంగా చెప్పి ఉంటావు కాబట్టి, వాటిని తర్వాత ఎవరు ఎందుకు వాడుకున్నారో పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. నిర్మాణం భాగంలో పడిన కష్టం ఇక్కడ పనికొస్తుంది.

బవర్స్‌ఫెల్డ్ 1945లో ఏమయ్యాడో కూడా కొద్దిగా రాయి. సోవియట్ సైన్యం యేనాకు రాకముందే అమెరికన్లు జైస్ నిపుణులను తమతో పడమరకు తీసుకెళ్లారు, వాళ్లలో ఆయనా ఉన్నాడు. దాంతో జైస్ కంపెనీ కూడా జర్మనీలాగే రెండుగా చీలింది.

గోల్కొండ సమాధుల గుమ్మటాలతో పోల్చిన పేరా మాత్రం తీసెయ్. వాటి నిర్మాణం వేరు, కారణాలు వేరు. తెలుగు పాఠకుడి కోసం ఏదో ఒకటి కలపాలని చేసినట్టుంది. నిజమైన సంబంధం ఒకటుంది. 1985లో హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద తెరిచిన బిర్లా ప్లానెటోరియంలో తల పైకెత్తి కూర్చున్నవాళ్లంతా బవర్స్‌ఫెల్డ్ 1919లో అన్న మాట కిందే కూర్చున్నారు. అది చాలు.

తిరగరాసేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ భాగం ముందు రాసి పంపు. అది కుదిరితే, యేనా భాగంలో ఏ వివరం ఉంచాలో ఏది వదలాలో నీకే తేలిగ్గా తెలుస్తుంది. ఫొటోలు ఇప్పుడే వెతకొద్దు. ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు ఎవరైనా ఉంటే ఆ వంపు, బరువు పేరా చూపించి, తప్పుంటే దిద్దించు.

ఆశీస్సులతో,
అన్నయ్య