గరిటె ఏడుసార్లు పడింది

తిరుపతి

నాయనా,

నీ కథ అందింది. మీ అమ్మ నా దగ్గర ఒకటో తరగతి చదివింది. ఆమె స్వయంగా తెచ్చి నా ఒళ్లో పెట్టిన కాగితాలను చదవకుండా పక్కన పడేసే ధైర్యం నాకు లేదు. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. ఆగిపోవడం సంగతి తర్వాత, ముందు కోపం తీర్చుకోనివ్వు.

కోపం నీ మెట్ల మీద. నీ కథలో శాస్త్రవేత్త యంత్రం తెలివిని అలిపిరి మెట్లతో కొలుస్తాడు. పాదాల మండపం దగ్గర దానికి ఏడాది బిడ్డ బుద్ధి, గాలిగోపురం దగ్గర ఐదేళ్ల పిల్లవాడి బుద్ధి, మోకాళ్ల పర్వతం దగ్గర పెద్దవాడి బుద్ధి, కొండ మీదికి చేరేసరికి మనుషులందరినీ మించిన బుద్ధి. దానికి ఏజీఐ (కృత్రిమ సాధారణ మేధ) అని మీవాళ్లు పెట్టుకున్న పేరు కూడా రాశావు. పోలిక కుదిరిందని నువ్వు మురిసిపోయినట్టు ఆ వాక్యాల ఊపులోనే తెలుస్తోంది. ఉన్న 3,550 మెట్లలో పిల్లలకు కింది మెట్లు, పెద్దలకు పై మెట్లు పంచిపెట్టావు. అంటే పిల్లవాడు సగం కట్టి వదిలేసిన పెద్దమనిషి అన్నమాట. ముప్పై రెండేళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పినదాన్ని. ఈ మాట నా దగ్గర చెల్లదు.

మెట్ల మీద పిల్లవాణ్ణి ఎప్పుడైనా చూశావా? మా మనవడికి ఐదేళ్లప్పుడు వాడితో కలిసి నడక దారిన వెళ్లాం. మా ముందు ఒకామె ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. మా కోడలికి, నాకు ఎండ పడకముందే ఎలా పైకి చేరాలా అన్నదే ధ్యాస. వాడు మాత్రం ఆమె బొట్టు పెట్టడం మరిచిపోయిన మెట్టు ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి దొరికింది. దొరికిందన్న సంతోషంతో నలభై మెట్లు వెనక్కి దిగి, ఇంకేమైనా ఉన్నాయేమోనని మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత జింకల కంచె దగ్గర అరగంట. నీ కొలత ప్రకారం వాడు గాలిగోపురం దగ్గరి తెలివి గలవాడు. మేము మోకాళ్ల పర్వతం వాళ్లం. కానీ ఆ రోజు ఆ దారిని చూసినవాడు వాడొక్కడే.

ఇది నాయనమ్మ మురిపెం అనుకుంటావేమో. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో అలిసన్ గోప్నిక్ అనే ఆచార్యురాలు ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉన్నారు. ఆమె బృందం ఒక పెట్టె పెట్టింది. దాని మీద కొన్ని వస్తువులు పెడితే వెలిగి పాట పాడుతుంది, కొన్ని పెడితే పాడదు. ఒక్కోసారి రెండు వస్తువులు కలిపి పెడితేనే పాడుతుంది. 2014లో అచ్చయిన ఆ ప్రయోగంలో ఈ జంట సూత్రాన్ని కాలేజీ విద్యార్థుల కన్నా నాలుగైదేళ్ల పిల్లలే బాగా పట్టుకున్నారు. పెద్దవాళ్లు ‘ఒక వస్తువు, ఒక ఫలితం’ అనే అలవాటును వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లలకు ఆ మూట లేదు. వెతకడం పిల్లల పని, దొరికినదాన్ని వాడుకోవడం పెద్దల పని అని ఆమె అంటారు. రెండూ తెలివే. ఒకటి రెండోదానికి కింది మెట్టు కాదు.

పెద్దల తెలివిని నేను తక్కువ చేయడం లేదు. మా అన్న చిత్తూరు మండీలో తోతాపురి మామిడి బేరాలు చేసేవాడు. లోడు పైనున్న కాయ ఒకటి తీసి తొడిమ దగ్గర వాసన చూసి, అడుగున ఉన్న కాయ ఎలా ఉందో చెప్పేవాడు. ఆ ముక్కు రావడానికి ముప్పై వేసవులు పట్టింది. చిన్న పిల్లల మెదడులో నరాల మధ్య అతుకులు అవసరానికి మించి పుడతాయి. వాడనివి తర్వాత రాలిపోతాయి, కోత అయ్యాక తోటలో కొమ్మలు కత్తిరించినట్టు. మా అన్న ముక్కు అలా కత్తిరించిన చెట్టు. కాపు బాగా కాస్తుంది, కానీ ఎటు పడితే అటు పెరగదు.

ఇక కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ఇంగ్లండు గణితవేత్త అలన్ ట్యూరింగ్. నీ కథలో రెండుసార్లు ఆయన పేరు వాడావు, చదవకుండానే వాడావని నా అనుమానం. 1950లో ‘మైండ్’ పత్రికలో అచ్చయిన వ్యాసం అది. పెద్దవాడి మనసును అనుకరించే ప్రోగ్రాము రాసే బదులు పిల్లవాడి మనసును అనుకరించేది ఒకటి రాసి, దానికి చదువు చెబితే పోలేదా అని అడిగాడాయన. పిల్లవాడి మెదడు దుకాణంలో కొన్న నోటుపుస్తకం లాంటిదని, అందులో యంత్రాంగం కొంచెమే, ఖాళీ కాగితాలే ఎక్కువని అన్నాడు. అక్కడ నాకూ ఆయనకూ తగాదా. మొదటి రోజు నా బడికి ఖాళీ పలకతో వచ్చిన పిల్లను నేను చూడలేదు. అమ్మ ఎవరో, ఆకలి ఏమిటో, ఎవరి ముఖంలో ఏముందో, ఎవరి దగ్గర ఏడిస్తే పని జరుగుతుందో అంతా రాసుకునే వచ్చేవాళ్లు. అయినా ఆ వ్యాసంలో నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. ఆ యంత్రాన్ని బడికి పంపితే తక్కిన పిల్లలు దాన్ని తెగ ఎగతాళి చేస్తారని ఆయన రాశాడు. బడి ఏమిటో తెలిసినవాడు రాసిన వాక్యం అది.

ఆయన తండ్రి మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. చిత్తూరు జిల్లా కూడా అప్పుడు అందులోదే. తల్లి వైపు తాత మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీరు. రేణిగుంట మీదుగా గుంతకల్లు వైపు పోయే లైను ఆ రైల్వే వేసిందే. తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే కొడుకులిద్దరూ ఇంగ్లండులో వేరే దంపతుల ఇంట పెరిగారు. యంత్రాన్ని బిడ్డలా పెంచాలని చెప్పినవాడు అమ్మానాన్నలకు సముద్రం అవతల పెరిగాడు. నువ్వు కథ రాయదలిస్తే అక్కడ ఉంది కథ, మెట్లలో కాదు.

నీ యంత్రం ‘ఐదేళ్ల పిల్లవాడిలా’ మాట్లాడుతుందని రాశావు. ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నా తరగతిలో ఒక పిల్ల నోరు తెరిచి చూపించి, “టీచర్, నాకు రెండు పన్నులు ఊడిపోయాయి” అంది. పంచాయతీ పన్నులు గుర్తొచ్చి నవ్వాను. తర్వాత ఆలోచనలో పడ్డాను. పళ్లు అని అందరూ అంటారు, ఆ అర్థంలో పన్నులు అనేవాళ్లు ఊరంతా వెతికినా దొరకరు. విన్నదే తిరిగి చెప్పే పిల్లకు ఆ తప్పు రాదు. పెన్ను పెన్నులైతే పన్ను పన్నులే కదా అని తనకు తాను సూత్రం కట్టుకుంది. అమెరికాలో జీన్ బెర్కో 1958లో దీన్నే పరీక్షించారు. లేని జంతువు బొమ్మ ఒకటి గీసి, దానికి ‘వగ్’ అని లేని పేరు పెట్టి, అలాంటివి రెండుంటే ఏమంటారని పిల్లల్ని అడిగారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం చెప్పేశారు వాళ్లు. పిల్లల భాష రాయాలంటే ఇలాంటి తప్పు ఒక్కటైనా పట్టుకురావాలి. నీ యంత్రం చేసే తప్పులన్నీ పెద్దమనుషుల తప్పులు. తెలియని విషయాన్ని తడబడకుండా చెప్పడం, ఉపన్యాసంలా చెప్పడం. పిల్లలూ కల్పిస్తారు. కానీ కల్పించి, నమ్మారా లేదా అని మన ముఖంలోకి చూస్తారు.

ఇప్పటి యంత్రాలు పిల్లలు కావు, నాయనా. బాల్యం లేకుండా పుట్టిన పండితులు. లక్షల కోట్ల మాటలు చదివి మాట నేర్చాయి. పదమూడేళ్లు వచ్చేసరికి ఒక పిల్లవాడి చెవిన పడే మాటలు పది కోట్లు దాటవని అంచనా. అందుకే 2023లో కొందరు పరిశోధకులు పది కోట్ల మాటలతోనే యంత్రానికి భాష నేర్పాలని పోటీ పెట్టారు. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే ఒక్క పసివాడి తలకు కట్టిన కెమెరా నుంచి 61 గంటల దృశ్యం తీసుకుని, అందులో కనిపించినదీ వినిపించినదీ మాత్రమే యంత్రానికి ఇచ్చారు. అది కొన్ని వస్తువుల పేర్లు నేర్చుకుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఆ పసివాడు కెమెరా స్టాండు కాదు. బంతి కావాలని పాక్కుంటూ వెళ్లాడు, దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. చెకర్స్ అనే గళ్ల బల్ల ఆటలో పెద్దవాళ్లతో సమంగా ఆడే యంత్రం సులభమనీ, చూపులో, నడకలో ఏడాది బిడ్డకు సాటి వచ్చేది కష్టమనీ రోబోల శాస్త్రవేత్త హాన్స్ మోరవెక్ 1988లోనే రాశాడు. 1997లో యంత్రం చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌నే ఓడించింది. ఆ బల్ల మీద పావులు జరిపింది మాత్రం ఒక మనిషి చెయ్యే.

ఒళ్లు లేని పిల్లవాణ్ణి రాసిన పాపం నేనూ చేశాను. పాకాల దగ్గర ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తినే వేళ పాత హాజరుపట్టీల వెనక వైపు కథలు రాసేదాన్ని. తేనెలో ముంచిన పిల్లలు నా కథల్లో. ఒకసారి అలాంటి కథ తరగతిలో చదివి వినిపించాను. కథలో పిల్లవాడు అడవిలో తప్పిపోయి రెండు రోజులు తిరుగుతాడు. అంతా అయ్యాక వెనక వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. “వాడికి ఒకటికి రాదా టీచర్?” అని అడిగింది. తరగతంతా నవ్వింది. ఇంటికి వెళ్లి ఆ కథ చించేశాను. నాకు అంతకన్నా మంచి విమర్శకురాలు మళ్లీ దొరకలేదు.

ఆ పిల్ల దెబ్బకు రాసిన కొత్త కథను ఒక వారపత్రికకు పంపాను. ‘పిల్లల కథ కాబట్టి పిల్లల పేజీకి పంపండి’ అని తిరిగి వచ్చింది. అదే పత్రిక పిల్లల పేజీకి పంపాను. ‘ఇది పిల్లలకు అర్థం కాదు’ అని తిరిగి వచ్చింది. ఆ రెండు బల్లల మధ్య దూరం పది అడుగులు ఉంటుందేమో. స్టాంపుల ఖర్చు నాది. పిల్లవాడి గురించి పెద్దలకు కథ రాయవచ్చని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఫ్యాషన్ మారింది. మొన్న ఒక కథల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుంటే మూడో వంతు కథల్లో రోబోలు ఏడుస్తున్నాయి. ఏడవడం అంత తేలికైతే నా ఒకటో తరగతి పిల్లలందరికీ ఏజీఐ వచ్చేసినట్టే. నీ కథలో కూడా చివరి పేజీలో అది కన్నీరు కారుస్తుంది. ఆ పేజీ తీసేయి. అడగవద్దు, తీసేయి.

ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది చదువుతారా అని అడిగావు. చదువుతారు. ‘పన్నులు’ అన్న పిల్లను అక్కడికి ఎలా తీసుకుపోతావో నువ్వే చూసుకో. తక్కినవి ఏవో అడిగినట్టున్నావు, ఆ కాగితం మనవడు పడవ చేసుకున్నాడు.

ఇప్పుడు నాలుగో పేజీ. శాస్త్రవేత్త యంత్రం ముందు కూర్చుని ఉంటాడు. పక్కన ఎత్తు కుర్చీలో ఏడాదిన్నర కూతురు. ఆ పిల్ల గరిటె కింద పడేస్తుంది. అతను తీసిస్తాడు. మళ్లీ పడేస్తుంది. ఏడుసార్లు అని రాశావు. ఊహించి రాసేవాడు మూడు అంటాడు, లేదా పదేపదే అంటాడు. ఏడు అన్నావంటే ఎక్కడో కూర్చుని లెక్కపెట్టావు. మీ అక్క కూతురేనా? నీ శాస్త్రవేత్త ‘పని చెడగొడుతోంది’ అని విసుక్కుని పిల్లను భార్యకు ఇచ్చేస్తాడు, కథ మళ్లీ మెట్లెక్కుతుంది. లోకంలోని సాధారణ మేధ అంతా ఆ కుర్చీలో కూర్చుని గరిటె పడేస్తుంటే నీ కథ దానికి వీపు తిప్పి పెట్టె కేసి చూసింది.

ఎనిమిదోసారి ఎందుకు పడేయలేదో నాకు కావాలి. విసుగొచ్చిందా, గరిటె బదులు గిన్నె తీసుకుందా, నాన్న ముఖం చూసి ఆగిందా? ఆ గదిలో ఉన్నది నువ్వు, నేను కాదు. అది రాసి పంపు.

రాతప్రతిని మీ అమ్మకే ఇచ్చి పంపుతున్నాను. ఆరో పేజీ మీద కాఫీ మరక నాదే, ఏమీ అనుకోకు.

ఆశీస్సులతో,
టీచరమ్మ