పేర్లున్న జాబితా చేతికొస్తేనే అసలు సంగతి తెలుస్తుంది

"సమాచార హక్కు చట్టం విలేకరులకు పనికొస్తుంది గానీ మామూలు జనానికి దానితో ఏం పని?" అని ఒకరు నన్ను అడిగారు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనం కాగితం తెచ్చి ఇస్తేనే విలేకరి వార్త రాయగలడు. మండల విలేకరికి వచ్చేది అంతంతమాత్రం, పైగా రోజూ అదే ఆఫీసు గుమ్మం ఎక్కాలి. తన పేరు మీద దరఖాస్తు పెట్టి అక్కడివాళ్లతో వైరం ఎలా పెట్టుకుంటాడు?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా మావయ్య కొబ్బరితోట మొత్తం పడిపోయింది. పరిహారం జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. ఎప్పుడు వెళ్లినా "పైనుంచి రావాలి" అనేవారు. చివరికి నేనే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను: మా ఊళ్లో పరిహారం ఎవరెవరికి ఇచ్చారు, ఏ సర్వే నంబరుకు, ఎన్ని చెట్లకు? ఆ నకళ్లు కావాలి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే. "ఇవన్నీ నీకెందుకు బాబూ?" అన్నాడు గుమస్తా. కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉంది, అదే చెప్పాను. చట్టం వచ్చి ఇరవై ఏళ్లవుతున్నా ఈ ప్రశ్న మానరు, సమాచార అధికారి పేరు రాసిన బోర్డు కూడా పెట్టరు! 30 రోజుల గడువు దాటిపోయింది. పై అధికారికి మొదటి అప్పీలు వేశాకే కాగితాలు వచ్చాయి.

వాటిని రామమందిరం అరుగు మీద కూర్చుని అందరి ముందూ చదివాం. "ఆడికి తోటెక్కడిది?" అని ఒకరు, "ఆ నంబరు చెరువుది కదేటి?" అని ఇంకొకరు. ఊరివాళ్లు తప్ప ఏ విలేకరీ పట్టుకోలేని తప్పులవి. అప్పుడు విలేకరికి ఇచ్చాం, జిల్లా పేజీలో వచ్చింది, మళ్లీ సర్వే జరిగింది, మావయ్యకు డబ్బు పడింది.

అందుకే 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని, అంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే క్లాజును, మార్చేయడం మీద నాకు మహా కోపం. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి తీసేశారు. మేం అడిగినలాంటి పేర్ల జాబితానూ వ్యక్తిగతమని ఆపేయొచ్చు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) ఇంకా ఉంది కదా అంటారు. నిజమే, దాని కింద వాదించొచ్చు. కానీ తోట పోయిన రైతు ఆ వాదన కోసం సమాచార కమిషన్ దాకా తిరగగలడా?

మీరు దరఖాస్తు పెట్టేటప్పుడు "ఎందుకు ఇవ్వలేదు" అని అడగకండి, రికార్డు నకలు అడగండి. తేదీ వేసిన రశీదు తప్పకుండా తీసుకోండి, అప్పీలుకు కావాలి.