అల్లుడి 486కి కొత్త ఎస్‌ఎంపీఎస్

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ అల్లుడూ,

మీ నాన్న మిర్చి కమీషన్ లెక్కలు రాసుకున్న పాత 486 కంప్యూటర్ని అటక మీంచి దించావటగా. దాని పాత ఏటీ రకం ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటు సప్లయి డబ్బా, తీసేసి ఇప్పటి ఏటీఎక్స్ రకం పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెట్టు, నేనొద్దనను. స్క్రూడ్రైవర్ పట్టే ముందు మాత్రం ఇది చదువు.

పాతదాన్ని "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనుకోకు. ఇన్నేళ్లు విజయవాడ ఎండలకి అటక మీద ఉడికిన కండెన్సర్లవి. బోర్డు మీద చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉంటే, అది కారి రాగి గీతల్ని తినేస్తుంది. ముందు దాన్ని కత్తిరించి పారెయ్.

ఏటీ క్యాబినెట్లో ముందున్న స్విచ్చికి నేరుగా 230 వోల్టులే వస్తాయి. ఎస్‌ఎంపీఎస్ నుంచి లావుపాటి కేబుల్ ఒకటి, లోపల నాలుగు తీగలతో, స్విచ్చి దాకా పోతుంది. దాన్ని సగంలో కోసి టేపు చుట్టి వదిలేయకు, మొత్తం తీసెయ్. స్విచ్చి మాత్రం ఉంచుకో, నొక్కితే నొక్కినట్టే ఉండే రకం కాబట్టి పనికొస్తుంది. ఏటీఎక్స్‌లో ఆకుపచ్చ తీగని నల్ల తీగతో కలిపితేనే సప్లయి ఆన్ అవుతుంది, ఆ రెండింటినీ ఈ స్విచ్చికి ఇవ్వు. షాపులో ఎవరన్నా "పచ్చ తీగ" అంటే, ఆకుపచ్చా, పసుపుపచ్చా అని నిలదీసి అడుగు. రెండోది 12 వోల్టులది మరి.

మదర్‌బోర్డుకి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు, ఒక్కోదానికి ఆరు పిన్నులు. నల్ల తీగలు నాలుగూ మధ్యలో పక్కపక్కన పడాలి. తిరగేసి పెట్టినా చక్కగా కూర్చుంటాయి, అదే వచ్చిన చిక్కు. 1996లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పని చేస్తూ, భోజనానికి టైమైందన్న తొందరలో నేను అలాగే కూర్చోబెట్టాను. టప్‌మని ఒక్క చప్పుడు, అగరొత్తంత పొగ. ఆ బోర్డు ఖరీదు రెండు నెలల జీతంలోంచి కోశారు. అన్నం మాత్రం ఆ పూట తినబుద్ధి కాలేదు.

ఏటీఎక్స్ నుంచి పీ8, పీ9లకి మార్చే కేబుల్ నువ్వే కట్టుకుంటే రంగుల్ని నమ్మకు. ఏటీలో నారింజ తీగ పవర్ గుడ్, అంటే సప్లయి సిద్ధమని బోర్డుకి చెప్పే సంకేతం, ఏటీఎక్స్‌లో అదే నారింజ 3.3 వోల్టులు. పవర్ గుడ్ అక్కడ బూడిద రంగుకి మారింది. పీ9లో తెల్ల తీగ మైనస్ 5 వోల్టులది, ఇప్పటి సప్లయిల్లో అది రాదు. కొన్ని పాత ఐఎస్ఏ (అప్పటి స్లాటు రకం) సౌండ్ కార్డులకి తప్ప నీకు దాంతో పని పడదు, ఖాళీగా వదిలెయ్.

ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పెద్దక్షరాల వాట్లు చూసి మురిసిపోకు. ఇప్పటివాటిలో బలమంతా 12 వోల్టుల మీదే, పాత మిషన్ తినేదేమో 5 వోల్టులు. లేబుల్ మీద 5 వోల్టుల గడిలో 20 ఆంపియర్లుంటే నీకు చాలు.

తీగల్ని మెలేసి టేపు చుట్టడం మన ఊళ్లో పుట్టుకతో వచ్చే విద్య. ఇక్కడొద్దు. 18 గేజి తీగ తీసుకుని పిన్నుల్ని క్రింపింగ్ టూల్‌తోనే నొక్కు. హౌసింగ్‌లోకి, అంటే కనెక్టర్ ప్లాస్టిక్ తొడుగులోకి, తోస్తే టిక్‌మనాలి, వెనక్కి లాగితే రాకూడదు. చిన్న ఫ్లాపీకి వెళ్లే బుల్లి కనెక్టర్ ఒక పిన్ను పక్కకి జరిగి కూర్చుంటుంది, టార్చి వేసి చూడు.

బోర్డుకి తగిలించే ముందు, పనికిరాని హార్డ్‌డిస్క్ ఒకటి లోడుగా పెట్టి మీటరుతో కొలువు. 5 వోల్టుల ఎర్ర తీగ 4.75కీ 5.25కీ మధ్య, 12 వోల్టుల పసుపు తీగ 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా బోర్డు జోలికి పోకు. స్విచ్చి ఆపినా ఊదా తీగలో 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి, కాబట్టి చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ గోడ ప్లగ్గు పీకెయ్.

మీ సత్యనారాయణపురం ఇంట్లో ఆ గది ప్లగ్గుకి ఎర్తింగ్ ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు. ఆదివారం పొద్దున బస్సుకి నేనొస్తున్నా, నా మీటరు తెస్తా. ఈలోగా కేబుళ్లు కట్టుకో, కరెంటు మాత్రం నేనొచ్చాకే ఇద్దాం.

మీ మావయ్య